రౌండ్లు మానేసిన హెడ్మిస్ట్రెస్

శ్రోతలకు నమస్కారం.

బడి నడపడం కూడా చదువుకుని నేర్చుకోవాలా? ఈ మాట స్టాఫ్ రూములో అంటే సగంమంది నవ్వుతారు. "పాతికేళ్ళు పాఠం చెప్పినవాడికి బడి నడపడం రాదుటండీ?" అంటారు. నవ్వనివ్వండి. మనదగ్గర హైస్కూలు హెడ్మాస్టరు కావాలంటే ఏం చదవమంటారో ముందు అది చూద్దాం.

స్కూల్ అసిస్టెంటుగా పనిచేసే మాస్టారు గెజిటెడ్ హెడ్మాస్టరు కావాలంటే శాఖాపరమైన పరీక్షలు గట్టెక్కాలి. జీఓటీ, ఈఓటీ. టీచర్ల ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఈ పేర్లు చిన్నప్పట్నుంచీ తెలుసు. పెళ్ళి భోజనాల దగ్గర కూడా "మీకు జీఓటీ అయిపోయిందా, ఈఓటీ ఇంకా ఉందా" అని అడుగుతూంటారు. వాటిలో ఉండేది లెక్కలూ నిబంధనలూ. ఫైనాన్షియల్ కోడ్, ట్రెజరీ కోడ్, సెలవుల రూల్సు, విద్యాశాఖ రూల్సు. అవి అక్కర్లేదని నేననను. హైస్కూలు హెడ్మాస్టరంటే డీడీవో కూడా, అంటే జీతాల డబ్బు డ్రా చేసి పంచే అధికారి. జీతాల బిల్లు మీద ఆయన సంతకం పడకపోతే స్టాఫ్ ఎవరింట్లోనూ ఒకటో తారీఖు రాదు. రూల్సు తెలియని హెడ్మాస్టరు కింద పనిచేసినవాళ్ళని అడగండి, ఎన్ని ఇంక్రిమెంట్లు ఎన్నాళ్ళు ఆగిపోయాయో చెబుతారు.

కాని ఆ పేపర్లలో ఒక్క ప్రశ్న మాత్రం ఉండదు. ఒక క్లాసులో వెనక బెంచీమీద కూర్చుని, ఆ పాఠం ఎలా నడుస్తోందో చూడటం మీకు వచ్చా? చూశాక ఆ టీచరుతో ఏం మాట్లాడతారు? ఈ ప్రశ్న ఉండదు. ఈ కాసేపూ నేను మాట్లాడేది ఈ ఒక్క ప్రశ్న గురించే.

ఈ విద్య నేర్పే చదువులు మనకి లేకపోలేదు. ఎం.ఎడ్.లో విద్యా నిర్వహణ, నాయకత్వం అనేది ఒక స్పెషలైజేషను. ఇగ్నోలో ఎడ్యుకేషనల్ మేనేజ్‌మెంట్ అండ్ అడ్మినిస్ట్రేషన్ అని పీజీ డిప్లొమా ఉంది. దానికి డిగ్రీ ఉంటే చాలు, ఉద్యోగం మానక్కర్లేదు. ఢిల్లీలో నీపా ఉంది, విద్యా ప్రణాళిక, పరిపాలన నేర్పే జాతీయ సంస్థ. 1962లో యునెస్కో శిక్షణ కేంద్రంగా మొదలై ఇప్పుడు డీమ్డ్ యూనివర్సిటీ అయింది. 2012లో అక్కడ స్కూల్ లీడర్‌షిప్ కోసమే ఒక జాతీయ కేంద్రం పెట్టారు. 2020 జాతీయ విద్యా విధానమైతే ప్రిన్సిపాళ్ళు ఏటా 50 గంటలకు తగ్గకుండా శిక్షణ తీసుకోవాలంది. అమెరికాలో టీచర్లుగా స్థిరపడ్డ మన ఆడపిల్లలు కొందరు ఉన్నారు. వాళ్ళని అడిగితే చెబుతారు, అక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రిన్సిపాల్ కుర్చీ ఎక్కాలంటే దానికి వేరే చదువు, వేరే లైసెన్సు ఉండాలని. ఈ వివరాలు ఇంతటితో చాలు. ఎవరికి ఏది కుదురుతుందో ఆ సంస్థల నోటిఫికేషన్లలో చూసుకోవచ్చు. నేను చెప్పదలచుకున్నది ఒకావిడ కథ.

నాకు తెలిసిన హెడ్మిస్ట్రెస్ ఒకరున్నారు. పల్నాడు వైపు జెడ్పీ హైస్కూలు. లెక్కల టీచరుగా మంచి పేరు. ఏభై దగ్గరపడుతూండగా ఆవిడ ఇలాంటి పీజీ డిప్లొమాలో చేరారు. ఇంట్లో వాళ్ళాయన, "పిల్లల పరీక్షలయ్యాయి, ఇక నీ పరీక్షలా" అన్నారట. ఆవిడ గొప్పంతా రౌండ్లలో ఉండేది. ప్రేయర్ అవగానే ఒక రౌండు. ఇంటర్వెల్ తర్వాత ఇంకో రౌండు. వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే తొమ్మిదో తరగతి బి సెక్షను కూడా గప్‌చుప్. ఒక్కో గుమ్మం దగ్గర అర నిమిషం నిలబడటం, బోర్డుమీద తేదీ వేశారా లేదా చూడటం, వెనక బెంచీవాడి చొక్కా గుండీ పెట్టించడం, ముందుకు సాగడం. ఊళ్ళోవాళ్ళు కూడా మెచ్చుకునేవాళ్ళు. "మేడం కుర్చీలో కూర్చోదండీ, ఒకటే తిరుగుడు" అని.

మన ఊళ్ళలో మంచి హెడ్మాస్టరు అనిపించుకోవడానికి ఇదే కొలత. తిరగాలి. తిరుగుతూనే ఉండాలి.

చదువులో భాగంగా ఆవిడకి ఒక పరిశోధన వ్యాసం ఎదురైంది. అమెరికాలో మయామీ నగరం ఉన్న జిల్లాలో చేసిన పని అది. జేసన్ గ్రిసమ్, సుసానా లోబ్, బెంజమిన్ మాస్టర్ అనే ముగ్గురు 2013లో ప్రచురించారు. వీళ్ళు ప్రిన్సిపాళ్ళకి ప్రశ్నపత్రం పంపించి, మీ సమయం ఎలా గడుపుతారని అడగలేదు. అడిగితే మనమందరం చెప్పేది ఒకటే కదా, రోజంతా పిల్లల చదువు కోసమేనని. అందుకని మనుషుల్నే పంపించారు. సుమారు వందమంది ప్రిన్సిపాళ్ళ వెంట, బడి మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా, రోజంతా నీడలా తిరిగి, ఏ పనికి ఎంతసేపు పోయిందో రాసుకున్నారు.

బోధనకి సంబంధించిన పనులన్నీ కలిపితే సగటున 12.7 శాతం. ఎనిమిది గంటల పనిలో ఒక గంట అనుకోండి. ఆ గంటలో కూడా పెద్ద భాగం దేనికి పోయింది? రౌండ్లకి. అక్కడ వాక్‌త్రూ అంటారు, పని మాత్రం మన రౌండే. గుమ్మం దగ్గర నిలబడటం, చూడటం, సాగిపోవడం. దానికి 5.4 శాతం. ఒక టీచరుతో కూర్చుని, పాఠం ఇంకా బాగా ఎలా చెప్పవచ్చో మాట్లాడటానికి ఎంత? అర శాతం. అంటే రోజుకి రెండున్నర నిమిషాలు. టీ చల్లారడానికి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

ఆ తర్వాత వాళ్ళు ఈ లెక్కల్ని పిల్లల చదువులో వచ్చిన ఎదుగుదలతో పోల్చి చూశారు. బోధన పనులకి ఇచ్చే మొత్తం సమయం పెరిగినంత మాత్రాన పిల్లల చదువు పెరగలేదు. ఆ సమయం దేనికి వాడారన్నదే తేడా తెచ్చింది. టీచరుతో కూర్చుని మాట్లాడిన ప్రిన్సిపాళ్ళ బడుల్లో ఎదుగుదల ఎక్కువ కనిపించింది. రౌండ్లు ఎక్కువ కొట్టిన చోట తక్కువ కనిపించింది, ముఖ్యంగా హైస్కూళ్ళలో.

ఇక్కడ తొందరపడకూడదు. రౌండ్లు కొట్టబట్టే చదువు తగ్గిందని దీని అర్థం కాకపోవచ్చు. బడి అదుపు తప్పినచోట ప్రిన్సిపాల్ ఎక్కువ తిరగవలసి వస్తూండవచ్చు. మయామీ వేరు, మాచర్ల వేరు. కాని గుమ్మం దగ్గర అర నిమిషం నిలబడి వెళ్ళినందువల్ల టీచరుకి ఒరిగేదేమిటి అన్న ప్రశ్న మాత్రం ఎక్కడైనా ఒకటే.

మన హెడ్మిస్ట్రెస్‌గారికి ఆ అర శాతం మనసులో గుచ్చుకుంది. ప్రాజెక్టు పనికి ఏదో సర్వే రాసి ఇచ్చేద్దామనుకున్న మనిషి, తన రోజే తను రాసుకోవడం మొదలుపెట్టారు. టేబుల్ మీద ఒక రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు. మధ్యాహ్న భోజనం హాజరు యాప్‌లో ఎక్కించడం. ఎమ్మీవో ఆఫీసు నుంచి ఫోను, అడిగిన వివరమే మళ్ళీ ఇంకో ఫార్మాట్‌లో. టీసీ కోసం వచ్చిన తండ్రి. రాని టీచరు పీరియడు ఎవరికో సర్దడం. బియ్యం బస్తాలు దించుకోవడం. మళ్ళీ ఫోను. ఇవన్నీ రాశాక, టీచరుతో పాఠం గురించి మాట్లాడిన గడి వెతికితే వారంలో చాలా రోజులు ఖాళీ. రౌండ్ల గడి మాత్రం నిండుగా ఉంది.

అప్పుడావిడ ఒక రౌండు మానేశారు. ఆ సమయానికి ఒక క్లాసులో కూర్చున్నారు. నిలబడటం మానేసి కూర్చోవడం. పీరియడు మొత్తం.

మొదటిసారి వెళ్ళింది ఎనిమిదో తరగతి సోషల్ క్లాసుకి. కుర్ర మాస్టారు, కొత్తగా డీఎస్సీలో వచ్చినవాడు. ముందురోజే ఆవిడ చెప్పి ఉంచారు, "రేపు మీ క్లాసులో కూర్చుంటాను. ఏం చూడమంటారో మీరే చెప్పండి" అని. అతనికి ఏం చెప్పాలో తోచలేదు. "పిల్లలు వింటున్నారో లేదో చూడండి మేడం" అన్నాడు. ఆవిడకి సోషల్ రాదు. అందుకని పాఠం మంచిచెడ్డల జోలికి పోలేదు. తెల్లకాగితం మీద బెంచీలు గీసుకున్నారు, ఒక్కో పిల్లకీ పిల్లాడికీ ఒక్కో గడి. మాస్టారు ఎవర్ని అడిగితే ఆ గడిలో ఒక టిక్కు. ఎవరు తమంతట తాము ప్రశ్న అడిగితే ఆ గడిలో ఒక సున్నా. అంతే.

"కృష్ణానది ఎక్కడ పుట్టింది?" "మహాబలేశ్వరం సార్!" క్లాసు హోరెత్తిపోయింది. "అర్థమైందా?" "అర్థమైంది సార్!"

మధ్యాహ్నం ఇద్దరూ లాబ్‌లో కూర్చున్నారు. ఆఫీసు రూములో అయితే బల్లకి అవతల నిలబడాల్సి వస్తుందని ఆవిడే అక్కడికి వెళ్ళారు.

"ఎలా జరిగిందంటారు మాస్టారూ?"

"బాగానే జరిగింది మేడం. పిల్లలు హుషారుగానే చెప్పారు."

ఆవిడ కాగితం అతని ముందుకు జరిపి ఊరుకున్నారు. అతను చూశాడు. టిక్కులన్నీ కిటికీ వైపు మొదటి రెండు బెంచీల్లో. ఆడపిల్లల వరసలో వెనక సగం తెల్లగా ఉంది. సున్నా ఒక్కటీ లేదు.

"ఇదేంటి మేడం, వెనకాల ఇంత ఖాళీ?"

"నాకేం తెలుసండీ. ఆ పిల్లలు మీకు తెలుసుగా, మీరే చెప్పాలి."

చాలాసేపయ్యాక ఒక గడిమీద వేలు పెట్టి, "ఈ అమ్మాయి గొంతు నేనింతవరకూ వినలేదు మేడం" అన్నాడు. ఆవిడ సలహా ఏమీ ఇవ్వలేదు. వచ్చేసారి ఏం చేసి చూస్తారని అడిగారు. వెనకవాళ్ళని అడుగుతానన్నాడు. అడిగాడు కూడా. వాళ్ళు లేచి నిలబడి "తెలీదు సార్" అన్నారు. ఎందుకంటే ప్రశ్న వేసిన మరుక్షణమే జవాబు కావాలి మనకి. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు ఈ విషయమే కొలిచి చూసింది. టీచర్లు ప్రశ్న అడిగాక ఆగేది మామూలుగా ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగితే ఎక్కువమంది పిల్లలు, ఎక్కువ మాటల్లో చెబుతారు. ఆ సంగతి రెండోసారి కూర్చున్నప్పుడు ఆవిడ అతనికి చెప్పారు. అతను ప్రశ్న అడిగి, మనసులో మూడు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత "మళ్ళీ ఎప్పుడొస్తారు మేడం" అని అడిగింది అతనే.

చూడండి, ఇందులో ఆవిడకి సోషల్ రావలసిన అవసరం ఎక్కడా పడలేదు. లెక్కల హెడ్మాస్టరు తెలుగు క్లాసులో కూర్చుని ఏం చూస్తాడని మనవాళ్ళు అంటూంటారు. పిల్లల్ని చూస్తాడు. ముందు మాట్లాడుకోవడం, కూర్చుని చూడటం, తర్వాత మళ్ళీ మాట్లాడుకోవడం, ఈ వరస 1950ల్లో హార్వర్డులో కొత్త టీచర్లకి శిక్షణ ఇస్తూ మోరిస్ కోగన్, ఆయన సహచరులు తయారుచేసుకున్నది. క్లినికల్ సూపర్‌విజన్ అని పుస్తకాల్లో ఉంటుంది. పరీక్షకి పది మార్కుల ప్రశ్న. నిర్వచనం రాసి, మూడు దశలు రాసి, బొమ్మ గీస్తే మార్కులొస్తాయి. చేయడం మాత్రం ఎవరూ చేయించరు. ఈ డిప్లొమాల మీద నా ఫిర్యాదు అదొక్కటే. అసైన్‌మెంట్లు జిరాక్సు షాపుల్లో దొరుకుతాయన్న సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అందుకని ఈ ఏడాది ఇలాంటి కోర్సులో చేరదామనుకునే టీచర్లు, ప్రైవేటు బడుల ప్రిన్సిపాళ్ళు, కరస్పాండెంట్లు ఒక్క విషయం కనుక్కోండి. ప్రాజెక్టు పని నా సొంత బడిలో, నా సొంత టీచర్లతో చేయొచ్చా? చేయొచ్చంటే చేరండి. ప్రమోషన్‌కి పనికొస్తుందా లేదా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

కోర్సుతో పనిలేదు, ఇప్పటికే ఆ కుర్చీలో ఉన్నామనే హెడ్మాస్టర్లకి ఒక్క మాట. వారానికి ఒక పీరియడు చాలు. అన్నీ కాదు, ఒక్క పీరియడు. మొదటి పీరియడు వద్దు, హాజరు గొడవలుంటాయి. రెండోది మంచిది. ముందురోజే టీచరుకి చెప్పండి. ఇన్‌స్పెక్షన్ రిజిస్టరు తీసుకెళ్ళకండి, దాన్ని చూస్తేనే గొంతు మారిపోతుంది. తెల్లకాగితం చాలు. ఆ కాగితం చివరికి టీచరుకే ఇచ్చేయండి, మీ దగ్గర కాపీ కూడా ఉంచుకోకండి. అదే రోజు మాట్లాడండి, రేపటికి వాయిదా వేస్తే ఆ రేపు రాదు. ఫోను అటెండరు చేతికిచ్చి, ఎవరు చేసినా సారు క్లాసులో ఉన్నారని చెప్పమనండి. ట్రెజరీ వాళ్ళు చేసినా సరే. ఒక్క పీరియడే కదా, వాళ్ళు మళ్ళీ చేస్తారు.

సెలవు.