యూజెన్ క్రిస్తోఫ్: కొలిమి దగ్గర నిలబడ్డ ఛాంపియన్

సభకు నమస్కారం.

సైకిల్ రేసుల చరిత్ర తిరగేసినవాళ్లకు యూజెన్ క్రిస్తోఫ్ పేరు వెనకే ఒక మాట కూడా వినబడుతుంది: పాపం, దురదృష్టవంతుడు. ఫ్రాన్స్ చుట్టూ దశలు దశలుగా సాగే టూర్ డి ఫ్రాన్స్ రేసు గెలవాల్సినవాడు, సైకిల్ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగి ఓడిపోయాడు అంటారు. అంతటితో వదిలేస్తారు. ఆ మాటతో నాకు చాలాకాలంగా తగవు ఉంది, ఇవాళ మీ ముందు పెడుతున్నాను. జాలి పడటం తేలిక. జాలి పడ్డాక ఆ మనిషి ఏం చేశాడో చూడాలన్న ఆసక్తి మనలో మిగలదు. క్రిస్తోఫ్ విషయంలో జరిగింది అదే.

ఆయన 1885 జనవరి 22న పుట్టిన ఫ్రెంచి మనిషి. నేర్చిన వృత్తి తాళాలు చేయడం. ఇనుము ఎంత కాలితే వంగుతుందో, ఎక్కడ ఆకురాయి పడితే అతుకు నిలుస్తుందో చిన్ననాడే చేతికి పట్టుబడింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీంతో పని పడుతుంది. 1906లో తొలిసారి టూర్‌లో దిగి తొమ్మిదో స్థానంలో ముగించాడు. చలికాలంలో పొలాలకు అడ్డంపడి, బురదలో సైకిల్ భుజాన వేసుకుని పరుగెత్తే సైక్లోక్రాస్ పోటీల్లో ఫ్రాన్స్ జాతీయ ఛాంపియన్‌గా ఏడుసార్లు నిలిచాడు. 1909 నుంచి 1914 దాకా ఏటా, మళ్లీ మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1921లో. సైకిల్ మోస్తూ నడవడం ఆయనకు కొత్తేమీ కాదు.

1910 ఏప్రిల్ 3న ఇటలీలో మిలాన్ నుంచి సాన్‌రెమో రేసు. దాదాపు 290 కిలోమీటర్లు. ఆ రోజు టుర్కీనో కనుమ మీద మంచు ముంచెత్తింది. అరవై మందికి పైగా బయల్దేరితే చివరికి ఫలితాల్లో నిలిచింది నలుగురే. వేళ్లు కొంకర్లు పోయి, ఒళ్లు బిగుసుకుపోయి క్రిస్తోఫ్ దారిపక్క సత్రంలో ఆగాడు. అక్కడివాళ్లు బట్టలు విప్పించి, దుప్పటి కప్పి, వేడి పానీయం తాగించారు. ఇక కదలొద్దన్నారు. ఇచ్చిన ప్యాంటు తొడుక్కుని ఆయన మళ్లీ మంచులోకి వెళ్లిపోయాడు. ముందున్నవాళ్లను దాటి, 12 గంటల 24 నిమిషాల్లో సాన్‌రెమో చేరాడు. ఫలితాల్లో రెండో స్థానం దక్కినవాడు గంటకు పైగా ఆలస్యంగా వచ్చాడు. గెలిచిన క్రిస్తోఫ్ నెలరోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. పూర్తిగా కోలుకోవడానికి రెండేళ్లు పట్టింది.

ఆ రెండేళ్ల తర్వాతే 1912 టూర్. వరసగా మూడు దశలు గెలిచాడు. మూడోది షామొని నుంచి గ్రెనోబుల్‌కు 366 కిలోమీటర్లు, అందులో 315 కిలోమీటర్లు ఒంటరిగా ముందుండి తొక్కాడు. ఆల్ప్స్ కొండల్లో! అప్పటికి టూర్‌లో గేర్లు మార్చే డిరైలర్లు లేవు, వాటిని అనుమతించింది 1937లో. అయితే ఆ రోజుల్లో విజేతను తేల్చేది కాలం కాదు, స్థానాలకిచ్చే పాయింట్లు. కాలం లెక్కన చూస్తే చివరి దశ దాకా ముందున్నది క్రిస్తోఫే. పాయింట్ల లెక్కన బెల్జియం రైడర్ ఓడిల్ దెఫ్రే గెలిచాడు, ఈయన రెండో స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడు నిర్వాహకులు పాయింట్లు వదిలేసి తిరిగి కాలం లెక్కకు వచ్చారు. తన కాలుబలం చూపించిన ఏడు ఆ లెక్క లేదు. ఆ లెక్క వచ్చిన ఏడు ఏమైందో ఇప్పుడు చెబుతాను.

1913 జూలై 9. ఆరో దశ, బయోన్ నుంచి లుషోన్‌కు 326 కిలోమీటర్లు, పిరెనీస్ కొండల మీదుగా. ముందంజలో ఉన్న దెఫ్రే ఆ రోజే తప్పుకున్నాడు. తూర్మలే కనుమ ఎత్తు 2,115 మీటర్లు. దాని శిఖరం దాటేసరికి క్రిస్తోఫ్ ముందున్నది ఫిలిప్ తిస్ ఒక్కడే, అదీ అయిదు నిమిషాల దూరంలో. మొత్తం మీద టూర్ ఆయన చేతికి అందేలా ఉంది. దిగుడులో ముందు ఫోర్కు విరిగింది.

నిబంధన ఏమిటంటే, దారిలో ఏది పాడైనా రైడరే బాగుచేసుకోవాలి. ఇంకొక సైకిల్ తీసుకోకూడదు, ఇంకొక చేయి పడకూడదు. క్రిస్తోఫ్ సైకిల్‌ను భుజాన వేసుకుని, ఒక చేత్తో చక్రం పట్టుకుని కొండ దిగడం మొదలుపెట్టాడు. ఆయన స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం 14 కిలోమీటర్లు నడిచాడు. వెనకబడ్డ పోటీదారులంతా ఒక్కొక్కరే దాటిపోయారు. సెంత్ మరీ ద కంపాన్ అనే ఊళ్లో ఒక అమ్మాయి కమ్మరి ఇంటికి దారి చూపించింది.

ఆ కొలిమిలో ఆయన మూడు గంటలకు పైగా పనిచేశాడు. కమ్మరి నోటితో సలహా చెప్పవచ్చు, చేయి వేయకూడదు. రేసు అధికారులు పక్కనే నిలబడి చూస్తున్నారు. తెల్లవారకముందే సైకిలెక్కి, అంత కొండెక్కి, అంత దూరం నడిచిన మనిషి దాగలి మీద ఇనుము పెట్టి సుత్తి ఎత్తాడు. ఉక్కు ముక్కను సాగగొట్టి, విరిగిన కొమ్మకు సరిపోయేలా మలిచాడు. ఒక చేత పటకారు, ఒక చేత సుత్తి. తిత్తి ఊదడానికి మూడో చేయి లేదు. కోర్ని అనే కుర్రాడు ఊదాడు. ఆ కాస్త సాయానికి అధికారులు పది నిమిషాలు జరిమానా వేశారు. తర్వాత దాన్ని మూడు నిమిషాలకు తగ్గించారు.

ఈ జరిమానా గురించి నా అభిప్రాయం దాచను. పోగొట్టుకున్నది గంటలకొద్దీ కాలం అయినప్పుడు పది నిమిషాలు ఫలితాన్నేమీ మార్చలేదు నిజమే. కానీ నిబంధన పుట్టింది ధనబలమున్న కంపెనీలు తమ రైడర్లకు దొడ్డిదారిన సాయం చేయకుండా. ఆ కుర్రాడు ఏ కంపెనీ మనిషీ కాదు. నిబంధన దేనికోసం పుట్టిందో మరిచిపోయి అక్షరాన్ని పట్టుకుంటే అది శిక్షించేది నిజాయితీగా ఆడేవాణ్నే. దాన్ని క్రమశిక్షణ అనడానికి నా మనసు ఒప్పుకోదు.

ఇంత జరిగాక ఆయన ఇంటికి వెళ్లలేదు, మళ్లీ సైకిలెక్కాడు. ముందున్న కనుమలు దాటి లుషోన్ చేరాడు. తాను చేసిన ఫోర్కు కొండ దిగుళ్లను తట్టుకుంది. ఆ టూర్ తిస్ గెలిచాడు, క్రిస్తోఫ్ ఏడో స్థానంలో పారిస్ చేరాడు. ఆ కొలిమిలో అదే పని ఎందరు ఛాంపియన్లు చేయగలిగేవారు? నన్నడిగితే ఆయన జీవితంలో అతి గొప్ప పనితనం ఆ రోజుదే.

తర్వాత యుద్ధం. టూర్ విజేతలు ఫాబర్, లపీజ్, పెతీ బ్రెటన్ ముగ్గురూ తిరిగి రాలేదు. 1919లో మళ్లీ టూర్ మొదలైతే 67 మంది బయల్దేరారు, తుది జాబితాలో మిగిలింది పదిమందే. ఆ ఏడే జూలై 19న గ్రెనోబుల్‌లో, అందరికంటే ముందున్న రైడర్‌ను జనం గుర్తుపట్టేలా పసుపు జెర్సీ ఇచ్చారు. టూర్ నడిపే లోతో పత్రిక కాగితం రంగూ పసుపే. దాన్ని తొలిసారి తొడుక్కున్నది ముప్పై నాలుగేళ్ల క్రిస్తోఫ్. చివరినుంచి రెండో దశ, మెట్జ్ నుంచి డన్‌కర్క్‌కు 468 కిలోమీటర్లు. ఫిర్మిన్ లాంబో కంటే 28 నిమిషాలు ముందున్నాడు. వలెన్సియెన్ పక్కన రెమ్ అనే ఊరి దగ్గర మళ్లీ ఫోర్కు విరిగింది. మళ్లీ తనే బాగుచేసుకున్నాడు. గంటకు పైగా పట్టింది. టూర్ లాంబోకు పోయింది, ఈయనకు మూడో స్థానం. అప్పుడు ఫ్రాన్స్ జనం లోతోకు చందాలు పంపారు. పోగైన సొమ్ము 13 వేల ఫ్రాంకులు దాటింది, లాంబోకు వచ్చిన బహుమతి కంటే ఎంతో ఎక్కువ. ఆ జనానికి ఎవరు ఏం చేశారో తెలుసు.

1920లో పారిస్ నుంచి టూర్ అనే నగరానికి సాగే పారిస్–టూర్ రేసు, బోర్డో–పారిస్ రేసు రెండూ గెలిచాడు. 1921లో బోర్డో–పారిస్ మళ్లీ గెలిచాడు. 1922 టూర్ డి ఫ్రాన్స్‌లో 37 ఏళ్ల వయసులో పసుపు జెర్సీ మళ్లీ తొడిగాడు. ఆల్ప్స్‌లోని గలిబియే కనుమ దిగుడులో ఫోర్కు మూడోసారి విరిగింది. దానిమీద నేనేమీ కలపను.

ఇప్పుడు చెప్పండి, ఇది దురదృష్టవంతుడి జాబితాయేనా? మంచులో మిలాన్–సాన్‌రెమో గెలిచినవాడు, ఆల్ప్స్‌లో 315 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కినవాడు, ఏడుసార్లు జాతీయ ఛాంపియన్ అయినవాడు. పెడల్‌కు పాదం బిగించే క్లిప్పులు, పట్టీలు చాలాకాలం ఆయన పేరుతోనే అమ్ముడుపోయాయి. సెంత్ మరీ ద కంపాన్‌లో 1951లో ఫలకం పెట్టారు. ఆ కొలిమి ఉన్న ఊరు ఆయన పేరుతోనే తెలుసు లోకానికి.

ఆయన ఆఖరి టూర్ 1925లో. వయసు నలభై. 130 మంది బయల్దేరిన ఆ టూర్‌లో పారిస్ దాకా వచ్చింది 49 మంది, వాళ్లలో క్రిస్తోఫ్‌ది 18వ స్థానం.

ఇంత ఓపిగ్గా విన్నందుకు కృతజ్ఞతలు. ఇక మీ ప్రశ్నలు అడగండి.