మూడో శనివారం మైకు: ఒక నగర పంచాయతీ చైర్‌పర్సన్‌తో చర్చ

(పాల్గొన్నవారు: ఆంధ్రప్రదేశ్‌లోని ఒక నగర పంచాయతీ చైర్‌పర్సన్, మునిసిపల్ కమిషనర్‌గా పనిచేసిన విశ్రాంత అధికారి, అదే ఊరి పత్రికా విలేకరి)

సమన్వయకర్త: నమస్కారం. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం అయిపోగానే చాలా ఊళ్లలో నాయకులు చీపురుతో ఫొటో దిగి వెళ్లిపోతారు. మన అతిథి మాత్రం అక్కడే నిలబడి మైకులో ఊరి సంగతులు చెబుతారు. అమ్మా, ఈ నెల ఏం చెప్పారు?

చైర్‌పర్సన్: మంచినీళ్లతో మొదలుపెట్టాను. మా ఊళ్లో ఇంకేది చెప్పబోయినా “ముందు నీళ్ల మాట చెప్పండి” అంటారు. చెరువు అడుగంటింది, రోజు విడిచి రోజు ఇస్తున్నాం. ఏ వీధికి ఏ పూట వదులుతామో చదివాను. తర్వాత కుక్కలు, సంత, ఇంటి పన్ను.

విలేకరి: సిమెంటు రోడ్డు సంగతి చదవలేదు.

చైర్‌పర్సన్: చదవలేదు. డబ్బు లేదు.

విలేకరి: ఆ మాటే మైకులో అనాల్సింది, మేడమ్. పోయిన నెల “త్వరలో” అన్నారు, అంతకు ముందు నెలా అదే అన్నారు. రెండుసార్లూ వార్త రాసింది నేను. ఇప్పుడు టీ కొట్టు దగ్గర నన్ను నిలదీస్తున్నారు.

విశ్రాంత అధికారి: ఇక్కడొక చిక్కు ఉంది, జనానికి దాన్ని ఎవరూ విడమరచి చెప్పరు. కేంద్రం నిధుల పంపకాన్ని సిఫారసు చేసే ఆర్థిక సంఘాల్లో 15వది 2021-26 కాలానికి చిన్న పట్టణాలకు సిఫారసు చేసిన నిధుల్లో 60 శాతానికి ముందే గిరి గీశారు. సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. రోడ్డైనా, వీధి దీపాలైనా మిగిలిన 40 శాతంలోనే చూసుకోవాలి. జీతాలకు అదీ వాడకూడదు. అందుకే “ఖాతాలో డబ్బుంది కదా” అనే కౌన్సిలర్ మాటా నిజమే, “రోడ్డుకు డబ్బు లేదు” అనే ఈమె మాటా నిజమే.

చైర్‌పర్సన్: మైకులో శాతాలు చెబితే లేచి వెళ్లిపోతారేమోనని భయం, సార్.

విశ్రాంత అధికారి: వెళ్లరమ్మా. చీటీల లెక్క, వడ్డీ లెక్క నోటితోనే కట్టేసేవాళ్లకు అరవై, నలభై అర్థం కాదా? వరంగల్ జిల్లా గంగదేవిపల్లి చూడండి. నీటికి ఒక కమిటీ, వీధి దీపాలకు ఒకటి, చివరికి కేబుల్ టీవీకి కూడా ఒకటి వేసుకున్నారు. లెక్క ఊరందరి ముందూ ఉంటుంది. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం అందుకున్న ఊరది.

విలేకరి: అది పల్లె, సార్. మాది పేరుకే పట్టణం. సగం మంది పొద్దున్నే పొలాలకు పోతారు. పంచాయతీగా ఉన్నప్పుడు ఉపాధి హామీ పని ఉండేది. నగర పంచాయతీ కాగానే అది పోయింది, పథకం గ్రామాలకే కదా. పన్ను మాత్రం పెరిగింది. 2021 నుంచి ఆస్తి మూలధన విలువ మీద, అంటే ఇల్లు, స్థలం ఖరీదును బట్టి వేస్తున్నారు. పెంకుటిల్లు అదే, నోటీసు మాత్రం కొత్తది.

చైర్‌పర్సన్: ఆ కోపం నేను రోజూ వింటున్నదే. కూలికి వెళ్లే ఆడవాళ్లు ఇంటికొచ్చి “మమ్మల్ని మళ్లీ పంచాయతీలో కలిపేయండమ్మా” అన్నారు. అది నా చేతిలో ఉందా? ఏప్రిల్‌లోనే ఏడాది పన్నంతా కట్టేస్తే 5 శాతం తగ్గుతుందని మైకులో చెప్పాను. “ఏప్రిల్‌లో మా దగ్గర డబ్బెక్కడిది?” అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఏం జవాబు చెప్పను?

సమన్వయకర్త: 2024లో చెత్త పన్ను రద్దయింది కదా, అది కొంత ఊరట.

చైర్‌పర్సన్: ఇళ్లకు ఊరటే. చెత్త బండి తిప్పే ఖర్చు మాత్రం రద్దు కాలేదు.

సమన్వయకర్త: కుక్కల గురించి జనం ఏమన్నారు?

చైర్‌పర్సన్: నన్ను కొట్టడమొక్కటే తక్కువ! వీధి కుక్కల మీద కేంద్రం తెచ్చిన 2023 నిబంధనల ప్రకారం పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల దగ్గర కుక్కలను తీసి షెల్టర్లకు పంపమంది, అక్కడే తిరిగి వదలొద్దంది. షెల్టర్‌కు స్థలం చూస్తే చుట్టుపక్కలవాళ్లు వద్దంటారు. కుక్కలు పోవాలి, మా వీధికి మాత్రం రాకూడదు.

సమన్వయకర్త: అడగక తప్పని ప్రశ్న ఒకటి. మీ ఫోను ఎవరు ఎత్తుతారు?

చైర్‌పర్సన్: (నవ్వి) మొదట్లో మా ఆయనే. మైకు పట్టుకున్నాక జనం “అమ్మకివ్వండి” అంటున్నారు. ఆయనకు కాస్త కష్టంగానే ఉంది.

విశ్రాంత అధికారి: సగం పదవులు మహిళలకు ఇచ్చాం. కుర్చీ ఆమెది, సంతకం ఆమెది, పెత్తనం ఇంకొకరిది. నా ఉద్యోగమంతా అదే చూశాను. ఇంకొక్క మాట. మైకులో చెప్పడం ఈమె మంచితనం. లెక్కలు బయటపెట్టడం మాత్రం మంచితనం కాదు, చట్టం. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఎవరూ అడగకుండానే 17 రకాల వివరాలు వెల్లడించాలంటోంది. బడ్జెట్ అందులో ఒకటి. చైర్‌పర్సన్ మారితే మైకు ఆగిపోవచ్చు, ఆ బాధ్యత ఆగదు.

సమన్వయకర్త: ఒక కాలర్ ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నేను సంతలో కూరగాయలు అమ్ముతాను. ఆశీలు, అదే సంత రుసుము, చీటీ మీద ఒక రేటు ఉంటుంది, మా దగ్గర వసూలు చేసేది ఇంకో రేటు. ఈ ముక్క మైకులో ఎందుకు చెప్పరు?

చైర్‌పర్సన్: ఆశీలు వసూలు వేలంలో పాడుకున్న ఆయన... (కాసేపు ఆగి) మా కౌన్సిల్‌లో ఒకరికి దగ్గరివాడు.

విలేకరి: ఊరందరికీ తెలిసిందే, మేడమ్. రేట్ల పట్టిక సంతలో కట్టించాలి కదా?

చైర్‌పర్సన్: కట్టించాలి. కట్టించలేదు.

విలేకరి: ఎప్పుడు?

చైర్‌పర్సన్: వచ్చే బుధవారం సంత మొదలయ్యేలోపు.

విలేకరి: తేదీ వేసి రాసుకుంటున్నాను.

కాలర్: బోర్డు సరే అమ్మా, ఇప్పటిదాకా ఎక్కువ తీసుకున్నది?