అంగ కొలిచి కొనండి
(అమలాపురంలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. ముప్పై ఏళ్లు బళ్లో పిల్లల చేత డ్రిల్లు చేయించినవాణ్ణి. మైకు కన్నా విజిల్‌తోనే నాకు చనువెక్కువ. ఈల వేస్తే మీరు లేచి పరిగెత్తరు కాబట్టి, ఇంట్లో నిలబడి తొక్కే వ్యాయామ మెషీన్, అదే ఎలిప్టికల్, కొనేటప్పుడు ఏం చూడాలో మాటలతోనే చెబుతాను.

కాలువ గట్టు ఉండగా మెషీన్ దేనికి మాస్టారూ అని ఇందాక ఒకాయన అడిగారు. ఆయ్, నిజమేనండి. గట్టు మీద నడవగలిగినవాళ్లు నడవండి, డబ్బులు మిగుల్తాయి. కానీ వానలు పడితే గట్టు జారుడుబండే. మోకాళ్లు అరిగినవాళ్లకు పరుగు మాట అసలే వద్దు. పరిగెత్తేటప్పుడు నేల మీద పడిన ప్రతి అడుక్కీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బ కాలికి తగులుతుంది. ఎలిప్టికల్ మీద పాదం పెడల్‌ని వదలదు, కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతూ ఉంటుంది. అందుకే ఆ దెబ్బ ఉండదు. షాపులో దీన్నే క్రాస్ ట్రైనర్ అంటారు, రెండూ ఒకటే.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. మొదటిసారి ఫోన్లో బొమ్మ చూసి, ధర తక్కువని తెప్పించేశాను. నా ఎత్తు అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. ఆ మెషీన్ అంగ పన్నెండు అంగుళాలు. ఎక్కితే ముందుకు నడిచినట్టు ఉండదు, ఒకే చోట మెట్లు తొక్కినట్టు ఉంటుంది. మోకాలు అతిగా మడతపడుతుంది. నెల తిరక్కుండానే దాని మీద మా ఆవిడ తువ్వాళ్లు ఆరేసింది.

అంగ అంటే ఒక పెడల్ ముందు కొస నుంచి వెనక కొస దాకా వెళ్లే దూరం. మామూలు ఎత్తు పెద్దవాళ్లకు 18 అంగుళాలు, పొడుగువాళ్లకు 20 ఉండాలి. పొట్టిగా ఉన్న ఆడవాళ్లకు 16 కూడా సరిపోవచ్చు. భార్యాభర్తలిద్దరూ వాడేట్టయితే ఇద్దరూ షాపుకి వెళ్లండి. చెప్పులు విప్పి నడిచే బూట్లు వేసుకుని, ఒక్కొక్కరు పది నిమిషాలు తొక్కండి. సేల్స్ కుర్రాడు స్క్రీన్ మీద క్యాలరీలు చూపిస్తాడు. ఆ లెక్క అంచనాయే, దాన్ని నమ్మి సాయంత్రం పూతరేకులు రెండు ఎక్కువ లాగించకండి.

బ్రేకు అయస్కాంతంతో పనిచేసేది తీసుకోండి. అయస్కాంతం లోపలి చక్రానికి తగలకుండానే తొక్కుడుకి బిగింపు ఇస్తుంది, అరగదు, చప్పుడు తక్కువ. చక్రానికి ఒరుసుకునే ప్యాడ్ ఉన్నవి కొన్నాళ్లకు కీచుమంటాయి. మామూలు రకాల్లో స్క్రీన్‌కి బ్యాటరీ చాలు, తుఫాను రోజుల్లో కరెంటు లేకపోయినా తొక్కచ్చు. ఎంత బరువు మోస్తుందో రాసి ఉంటుంది. మీ బరువు కన్నా పదిహేను ఇరవై కిలోలు పైన ఉన్నదే చూసుకోండి.

ఇప్పుడు ఇంటి సంగతి. పెడల్ పైకొచ్చినప్పుడు మీరు నేల నుంచి అడుగు పైనే ఉంటారు. అటక కింద పెడితే బుర్ర తగుల్తుంది. ఫ్యాను కింద మరీ ప్రమాదం, పక్కగా పెట్టి గాలి తగిలేట్టు చూసుకోండి. టేపు పట్టుకుని కొలవండి, కళ్లతో కొలవద్దు. టైల్స్ మీద రబ్బరు మ్యాట్ పరవాలి.

లంక ఊళ్ల వాళ్లకు ఇంకో మాట. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరదకి మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, మూడోది 17.75కి ఇస్తారని మీకు నేను చెప్పాలా? ఎర్రనీళ్లు వాకిట్లోకి వస్తున్నప్పుడు అంత బరువు మెషీన్ పైకెత్తే మనిషి దొరకడు. మేడ ఉంటే మొదటే మేడ మీద పెట్టించండి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తొక్కిన వెంటనే చెమట పొడిగుడ్డతో తుడవండి, నెలకోసారి నట్లు బిగించండి.

గుండె జబ్బు, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఎక్కద్దు. మొదటి వారం అయిదు నిమిషాలు చాలు. దిగేటప్పుడు చక్రం పూర్తిగా ఆగాక, కిందికొచ్చిన పెడల్ వైపు నుంచి దిగండి. మనవళ్ల వేళ్లు దగ్గరికి రానివ్వకండి.

నేను రెండోసారి కొన్న మెషీన్‌ని ఆటోలో తెచ్చి వరండాలో పెట్టించాను. ఎక్కి చూడండి. పంచె కట్టుకున్నవాళ్లు మాత్రం గోచీ బిగించాకే ఎక్కాలి.