గుంటూరు పత్తి పుట్టింది ఒక గడ్డలోంచి!

పోయిన వీడియోలో, పురుగుని చంపే జన్యువు పెట్టిన బీటీ పత్తిని తయారుచేసిన పద్ధతి ప్రకృతిలో ఉన్నదే అన్నా, అంతే, "ఒక జీవి జన్యువు ఇంకో దాంట్లో పెట్టడం ప్రకృతికి విరుద్ధం, కంపెనీ నీకెంతిచ్చింది" అని తిట్లే తిట్లు. పైసా ఎవరూ ఇవ్వలేదండీ. మళ్ళీ చెప్తున్నా, గట్టిగా చెప్తున్నా: మొక్కకి లేచే గడ్డ లేకపోతే ఆ పత్తి లేదు!

గడ్డంటే ఏందో ముందు చూపిస్తా. ఇదిగో ఇది మా వీధి కానుగ ఆకు, దగ్గరికి పెడతా చూడండి, మొటిమల్లా లేచినయ్యి కదా, దీనికి కారణం కంటికి కనపడని నల్లి, కానీ కట్టింది మాత్రం చెట్టే, నల్లి ఆకుని గెలికితే ఆకు తన కణాలే పెంచి దానికి ఇల్లు కట్టిచ్చింది! వరిలో ఉల్లికోడు రైతులందరికీ తెలుసు, పిలక వెన్ను వెయ్యకుండా ఉల్లికాడలా గొట్టం అయిపోద్ది, లోపల చూస్తే ఈగ పిల్ల. ఆ మాటకొస్తే మా నాయనమ్మ పసిపిల్లలకి అరగదీసి నాకించే మాచికాయ ఉంది చూడండి, అది కాయే కాదు, టర్కీ ఇరాన్ వైపు ఓక్ చెట్టు కొమ్మకి కందిరీగ గుడ్డు పెడితే లేచిన గడ్డ!

సరే, పత్తికి వద్దాం. మట్టిలో ఆగ్రోబాక్టీరియం అని ఒకటుంది, అది వీటన్నిటినీ మించిపోయింది. మొక్క మొదట్లో చిన్న గాయం దొరికితే చాలు, దూరి తన డీఎన్ఏ ముక్కని మొక్క డీఎన్ఏలోనే కలిపేస్తది, ఇక ఆ కణం హార్మోన్లు తెగ తయారుచేసి గడ్డ కట్టుద్ది, పైగా ఆ బాక్టీరియాకి కావాల్సిన తిండి కూడా వండిపెట్టుద్ది! 1977లో మేరీ డెల్ చిల్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త వాళ్ళు ఈ డీఎన్ఏ ముక్క సంగతి తేల్చారు. తర్వాత గడ్డ కట్టించే జన్యువులు పీకేసి అక్కడ కాయతొలిచే పురుగుని చంపే జన్యువు పెట్టారు, 2002లో మన దేశంలో పర్మిషన్ వచ్చిన బీటీ పత్తి అదే. బండి బాక్టీరియాది, సరుకు మార్చారు!

పత్తికాయ తొలిచే గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకుని మళ్ళీ వచ్చింది, విత్తనం రేట్లు, అప్పులు, అవన్నీ నిజం, గుంటూరోళ్ళకి నేను చెప్పాలా, దానిమీద ఎంతైనా తిట్టండి, మీతోపాటు నేనూ తిడతా. కానీ "ప్రకృతిలో లేదు" అంటే మాత్రం ఊరుకోను. 2015లో సాగుచేసే చిలగడదుంపలు 291 పరీక్ష చేస్తే అన్నిట్లో ఆ బాక్టీరియా డీఎన్ఏ దొరికింది, అన్నిట్లో అండీ! ఏ ల్యాబూ పెట్టలా. దానికి దగ్గరి అడవి తీగల్లో చూస్తే ఆ బాక్టీరియా డీఎన్ఏలో ఒక ముక్క కనపడలేదు, అందుకే నా థియరీ ఏందంటే, దుంప బాగా ఊరింది ఆ ముక్కవల్లే, పాతకాలం రైతులు చూసి చూసి దాన్నే ఏరుకున్నారు.

శివరాత్రి ఉపవాసానికి ఉడకేసుకునేది ఆ దుంపే. ఈసారి మానేస్తారా, తింటారా? కింద రాయండి, అన్నీ చదువుతా.