రేకుకు చెమట పడుతుంది

శ్రోతలకు నమస్కారం.

పాత వ్యాను ఒకటి కొనుక్కుని, లోపల ఒక మంచం, ఒక పొయ్యి, ఓ నీళ్ళ ట్యాంకు అమర్చుకుని, మనసైన చోట ఆపుకుంటూ తిరగాలని చాలామందికి ఉంటుంది. ఈ కోరిక ఇవాళ్టిది కాదు. 1947లో బెన్ పోన్ అనే డచ్ వ్యాపారి తన నోటుపుస్తకంలో డబ్బాలాంటి ఒక బండి బొమ్మ గీసుకున్నాడు. అదే 1950లో ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యానుగా రోడ్డెక్కింది. మరుసటేడు, అంటే 1951లోనే, జర్మనీలో వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ వాళ్ళు ఆ వ్యానులో పెట్టుకోవడానికి 'క్యాంపింగ్ బాక్స్' అని ఒక సామాను తయారుచేశారు. పని రోజుల్లో సరుకు మోసే బండి, సెలవు రోజున ఆ సామాను లోపల పెట్టుకుంటే పడకగది. మళ్ళీ తీసేస్తే మామూలు బండే. తీయడానికి వీలుగా చేయడం అన్న ఆ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, దానికి మళ్ళీ వస్తాను.

నేను ఇప్పటికి రెండు వ్యాన్లు ఇలా మార్చాను. మొదటిది నా చేతుల్లోనే పాడైంది. రెండోది ఇంకా తిరుగుతోంది. రెండింటికీ మధ్య తేడా చెక్కపనిలో లేదు, రంగుల్లో లేదు. చెక్క వెనక, కంటికి కనపడని చోట ఉంది. ఈ రోజు ఎక్కువగా దాని గురించే మాట్లాడతాను.

ముందు బండి కొనడం. సెకండ్‌హ్యాండ్ వ్యాను చూడ్డానికి వెళ్ళేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఒకటి, గుడ్డలో చుట్టి పెట్టుకోండి. చక్రాల పైనున్న వంపుల దగ్గర, తలుపు మెట్ల కింద, ముందు అద్దం మూలల్లో దాన్ని ఆనించి చూడండి. ఇనుపరేకు ఉన్నచోట పట్టుకుంటుంది. తుప్పు తినేసిన చోట పుట్టీ పెట్టి రంగేసి ఉంటే జారిపోతుంది. నేలమీది రబ్బరు మ్యాట్ ఎత్తి చూపించమనండి. ఎత్తనివ్వకపోతే ఆ బండి వద్దు. ఇంజను వేడెక్కించి ఉంచవద్దని ముందే ఫోనులో చెప్పండి, చల్లటి ఇంజను ఎలా స్టార్టవుతుందో మీ చెవులతో వినాలి. నా మటుకు నేను, నిగనిగలాడే బండి కంటే ఎక్కువ కిలోమీటర్లు తిరిగినా సర్వీసు కాగితాలు వరసగా ఉన్న బండినే తీసుకుంటాను. ఇంజను పనికి ఏ ఊళ్ళోనైనా మెకానిక్ దొరుకుతాడు. ఛాసిస్‌ని, అంటే బండి అడుగు చట్రాన్ని, తుప్పు తింటే మాత్రం చాలామంది చేతులెత్తేస్తారు. కొన్నాక మొదటి ఖర్చు బ్రేకులు, టైర్లు, టైమింగ్ బెల్టు మీద పెట్టండి. మంచం తర్వాత.

ఆ తర్వాత చేయవలసిన పని ఏమిటంటే, ఏ పనీ మొదలుపెట్టకుండా ఖాళీ వ్యానులో రెండు రాత్రులు పడుకోవడం. ఒక పరుపు, ఒక టార్చిలైటు చాలు. సుద్దముక్కతో నేలమీద మంచం, పొయ్యి గట్టు గీసుకోండి. అట్టపెట్టెలు ఆ గీతల మీద పేర్చుకుని వాటి మధ్య తిరిగి చూడండి. చొక్కా వేసుకునేటప్పుడు మోచెయ్యి ఎక్కడ తగులుతుందో, అర్ధరాత్రి లేచినప్పుడు కాలు ఎక్కడ పెడతారో కాగితం మీద గీసిన బొమ్మ చెప్పదు. నేను అడ్డంగా పడుకోవచ్చనుకున్న చోట నా కాళ్ళు చాపితే రేకుకు తగిలాయి. ఆ సంగతి సుద్దగీతల మధ్యే తెలిసింది కాబట్టి సరిపోయింది.

ఆ రెండు రాత్రుల్లో ఇంకో సంగతి కూడా మీకే తెలుస్తుంది. తెల్లవారుజామున లేచి చెయ్యి ఎత్తి పైకప్పు రేకు తడమండి. బయట చల్లగా ఉంటే తడిగా ఉంటుంది. వాన పడలేదు, కప్పు కారలేదు. ఆ నీళ్ళు మీవే. ఇద్దరు మనుషులు ఒక రాత్రి నిద్రలో ఊపిరితోనూ ఒంటితోనూ సుమారు అర లీటరు నీటిని గాలిలోకి వదులుతారు. వెచ్చటి గాలి ఆ తేమని పట్టుకుని తిరుగుతూ, చల్లటి రేకు తగలగానే అక్కడ దించేస్తుంది. చల్లటి నీళ్ళ చెంబుకు బయట చెమట పట్టడం చూస్తాం కదా, అదే ఇక్కడ లోపలి వైపు జరుగుతుంది. లోపల గ్యాసు పొయ్యి వెలిగిస్తే ఇంకా ఎక్కువ: ఒక కిలో ప్రొపేన్ కాలితే దాదాపు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. కాలిన గ్యాసు కంటే పుట్టిన నీరే ఎక్కువ, ఎందుకంటే గ్యాసులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది.

మొదటి వ్యానుకి నేను ఇది తెలియకుండా పని చేశాను. గోడల్లో గ్లాస్‌వూల్, అంటే దూదిలాంటి గాజు పీచు, కుక్కాను. రేకు వెనకనున్న బోలు పట్టీల్లో స్ప్రే ఫోమ్ కొట్టి నింపేశాను, వెచ్చగా ఉంటుందని. మీద అందంగా ప్లైవుడ్ బిగించాను. ఒక చలికాలం గడిచింది. లోపల పుల్లటి వాసన మొదలైంది. పరుపు ఉతికించాను, కర్టెన్లు మార్చాను, వాసన పోలేదు. చివరికి వెనక చక్రం దగ్గరి ప్లైవుడ్ విప్పుదామని కూర్చున్నాను. మొదటి స్క్రూ తల స్క్రూడ్రైవరుతో పాటే ఊడి వచ్చింది. చెక్క లాగాక గ్లాస్‌వూల్ కిందికి జారి, మూలలో ముద్దగా కూర్చుని ఉంది. చేత్తో పిండితే నల్లటి నీళ్ళు మణికట్టు దాకా కారాయి. దాని వెనక రేకుని గోటితో గీకితే తుప్పు పొరలుపొరలుగా రాలింది. ఒకచోట అవతలి వెలుతురు కనపడింది. రేకు కింది అంచున నీరు పోవడానికి కంపెనీ వాళ్ళు వదిలిన చిన్న చిన్న కంతలు ఉంటాయి. వాటన్నిటినీ నా ఫోమ్ మూసేసింది. నీరు వచ్చింది, పోయే దారి లేదు.

ఆ రోజు చాలాసేపు ఆ నేలమీదే కూర్చుండిపోయాను. అంత ఇష్టంగా చేసుకున్నది.

రెండో వ్యానుకి ఏం చేశానో చెబుతాను. లోపలంతా ఖాళీ చేసి సబ్బునీళ్ళతో కడిగాను. తుప్పు ఉన్నచోట వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, తుప్పు మందు రాసి, ప్రైమర్ రెండు పూతలు వేశాను. బోలు పట్టీల్లో ఫోమ్ జోలికి పోలేదు. లోపలికి మైనం స్ప్రే చేసి, అడుగు కంతలు పుల్లతో పొడిచి తెరిచి ఉంచాను. గోడలకు నీళ్ళు పీల్చని రకం ఫోమ్ షీట్లు, గాలి దూరే సందు లేకుండా రేకుకి అతుక్కుపోయేలా అంటించాను. వెచ్చటి గాలికి చల్లటి రేకు చేరే దారి దొరక్కపోతే తడి పుట్టదు. ఇవన్నీ చేశాక కూడా గాలి ఆడాలి. పైన ఒక ఫ్యాను, కింద ఎక్కడో గాలి లోపలికి వచ్చే దారి, ఈ రెండూ ఉండాలి. చలిరాత్రి కూడా ఫ్యాను సన్నగా తిరుగుతూనే ఉండాలి. కొంచెం వెచ్చదనం పోతుంది, పోనివ్వండి.

ఫ్యానుకి కప్పు కోయడం చాలామందికి గుండె ఆగినంత పని. నాకూ అంతే. బాగున్న కప్పుకి మన చేత్తో 40 సెంటీమీటర్ల చదరపు కంత పెట్టాలి. అట్టతో నమూనా కోసి, కప్పు మీద టేపు అంటించి గీత గీసి, నాలుగు మూలలా డ్రిల్లు వేసి, జిగ్‌సా అనే కరెంటు రంపంతో కోయాలి. కోసేటప్పుడు రాలే ఇనుప రజను జాగ్రత్త. ఒక్క రవ్వ కప్పు మీద మిగిలినా తెల్లారేసరికి ఎర్రటి తుప్పు చుక్క అవుతుంది. కోసిన అంచుని ఆకురాయితో నున్నగా రాకి, ప్రైమర్ వేసి ఆరాకే చట్రం బిగించాలి. సందులకి బ్యూటైల్ టేపు గానీ పాలీయురెథేన్ సీలెంటు గానీ వాడండి. సిలికాన్ వద్దంటాను. అది ఒకసారి ఊడితే దాని జిడ్డు మీద మళ్ళీ ఏదీ అంటుకోదు.

ఇక కరెంటు. ఇక్కడ ఒక్క లెక్క వచ్చి ఉంటే చాలు: వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. వ్యానులో ఉండేది 12 వోల్టులు. 60 వాట్ల ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగుతుంది, సన్నటి వైరు చాలు. అదే 1200 వాట్ల నీళ్ళ కెటిల్ ఇన్వర్టరు మీద పెడితే బ్యాటరీ నుంచి 100 ఆంపియర్లకు పైగా రావాలి. దానికి వేలిలావు రాగి కేబులు కావాలి. సన్నటిది వేస్తే చెక్క వెనక కాలుతుంది. ఫ్యూజు బ్యాటరీకి ఆనుకునే ఉండాలి, అవతలి చివర పెడితే లాభం లేదు. ఫ్యూజు కాపాడేది ఫ్రిజ్‌ని కాదు, వైరుని. ఇళ్ళల్లో వాడే ఒంటితీగ వైరు బండిలో వాడొద్దు, కుదుపులకి లోపల విరుగుతుంది. సన్నటి పోగులు చాలా కలిపి చేసిన వైరే వాడాలి. రేకు కంతలోంచి వైరు పోయే ప్రతిచోటా రబ్బరు రింగు వేయాలి. లేకపోతే వేల కిలోమీటర్ల కుదుపులకి రేకు అంచే కత్తిలా దాన్ని కోస్తుంది.

బ్యాటరీ విషయంలో, మామూలు లెడ్ బ్యాటరీ అయితే సగం దాకానే వాడుకుంటే దానికి ఆయుష్షు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే చాలావరకు వాడుకోవచ్చు, బరువూ తక్కువ. ఈ రకం బ్యాటరీ అసలు వోల్టేజి 12.8, కాబట్టి 100 ఆంపియర్ అవర్ల దాంట్లో దాదాపు 1280 వాట్ అవర్లు ఉంటాయి. అయితే సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఛార్జి చేస్తే పాడవుతుంది. మంచు ప్రాంతాలకు వెళ్ళేవాళ్ళు బ్యాటరీని బయట బిగించకుండా లోపల, మంచం కింద పెట్టుకోవాలి.

బరువు సంగతి ఎవరూ ముందుగా ఆలోచించరు. బండి మొత్తం ఎంత బరువు దాటకూడదో దాని ప్లేటు మీద రాసి ఉంటుంది. యూరప్‌లో మామూలు కారు లైసెన్సుతో నడిపే వ్యాన్లకి ఆ హద్దు చాలాకాలంగా 3500 కిలోలు. చెక్క, బ్యాటరీ, సామాను, మనుషులు అన్నీ అందులోనే. నీళ్ళు లీటరుకి కిలో, కాబట్టి 100 లీటర్ల ట్యాంకు నింపితే నడిచే బండిలో ఇంకొక పెద్దమనిషి ఎక్కినట్టే. దాన్ని కింద, రెండు ఇరుసుల మధ్య పెట్టాలి. నేను వే బ్రిడ్జి, అంటే లారీలు తూచే కాటా, మీదికి మూడుసార్లు వెళ్ళాను: ఖాళీగా ఒకసారి, పని సగంలో ఒకసారి, అన్నీ సర్దుకుని నీళ్ళు నింపాక ఒకసారి. రెండోసారి తూకం చూశాకే మందపాటి ప్లైవుడ్ బీరువా పీకేసి పలచటిది చేయించాను. ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా కూడా తూకం వేయించండి. మొత్తం సరిపోయినా వెనక ఇరుసు మీద హద్దు దాటి ఉండొచ్చు.

గ్యాసు గురించి మాత్రం కరాఖండిగా చెబుతాను. ఎల్‌పీజీ గాలికన్నా బరువు. లీకైతే నేలమీద చెరువులా పేరుకుంటుంది, కాబట్టి సిలిండరు గూటికి అడుగున బయటికి తెరిచిన కంత ఉండి తీరాలి. వెచ్చదనం కోసం పొయ్యి వెలిగించుకుని ఎప్పుడూ పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మెలకువ రానివ్వదు. దానికి అలారం పెట్టండి. వేడి కావాలంటే బయటి గాలితో మండి, పొగని బయటికే వదిలే హీటరు వేయించుకోండి. సీట్లు, సీటు బెల్టులు సొంతంగా తయారుచేయొద్దు. పరీక్షకు నిలిచినవే బిగించండి. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు నియమాలు దేశానికొక తీరుగా ఉంటాయి, కప్పు కోయకముందే అడిగి తెలుసుకోండి.

గూళ్ళు, కర్టెన్లు, గట్లు మీ ఇష్టం. నట్టులు మాత్రం లోపల నైలాన్ రింగు ఉన్నవి వాడండి, తలుపులకి నొక్కితే తెరుచుకునే గడియలు పెట్టండి. లేకపోతే మొదటి మలుపులోనే గిన్నెలన్నీ నేలమీద ఉంటాయి.

మొదట్లో తీయడానికి వీలుగా చేయడం అన్నాను కదా. రెండో వ్యానులో ఏ చెక్కకీ జిగురు వాడలేదు, అన్నీ స్క్రూలే. వెనక చక్రం దగ్గర, మొదటి బండి పాడైన చోటే, జానెడు పలక వెనక ఫోమ్ ముక్కని కూడా రేకుకి అంటించకుండా, తీయడానికి వీలుగా విడిగా అమర్చి, పలకని నాలుగు స్క్రూలతో బిగించాను. అది మూసేముందు తెల్లటి ప్రైమర్ మీద పెన్సిలుతో ఆ రోజు తేదీ రాశాను. ఒక వానాకాలం, ఒక చలికాలం తిరిగొచ్చాక విప్పి చూశాను. నాలుగు స్క్రూలూ వేళ్ళతోనే తిరిగాయి. వేలితో రేకు తడిమాను, పొడిగా ఉంది. పెన్సిలు రాత కాస్త కూడా చెదరలేదు. దాని కింద ఇంకో తేదీ రాసి మళ్ళీ మూశాను.

నమస్కారం.