ఖాళీ అయ్యాకే రాలే ఆకు

శ్రోతలకు నమస్కారం.

చెట్టు నుంచి ఆకు రాలిందంటే, అంతమేరకు చెట్టు నష్టపోయిందనే మనం అనుకుంటాం. కానీ రాలే లోపే ఆ ఆకులోంచి పనికొచ్చే సరుకును చెట్టు చాలావరకు వెనక్కి లాగేసుకుంటుంది. పండుటాకు పసుపుదనం ఆ పని సాగుతోందనడానికి గుర్తు. పత్రహరితం విడిపోయేకొద్దీ, అన్నాళ్లూ దాని చాటున ఉన్న పసుపు పైకి తేలుతుంది.

ఆకులోని నత్రజనిలో ఎక్కువ భాగం హరితరేణువుల్లోనే ఉంటుంది. వెలుగుతో ఆహారం తయారుచేసే మాంసకృత్తులన్నీ అక్కడివే. ఆకు ముదిరాక మొక్క వాటిని అమైనో ఆమ్లాలుగా విడగొట్టి, ఈనెల గుండా కొమ్మలకు, వేళ్లకు చేరవేస్తుంది. భాస్వరం, పొటాషియం కూడా ఆ దారే పడతాయి. కాల్షియం మాత్రం వెనక్కి రాలేదు, ఆకుతోపాటే నేల పాలవుతుంది. ఇదంతా అయ్యాకే తొడిమ మొదట్లో ఆకు తెగిపోతుంది.

ఈ పొదుపు అన్ని చోట్లా ఉన్నదే. ఎడారిలో మాత్రం దీని విలువ వేరు. అక్కడి మట్టిలో నత్రజని అసలే తక్కువ. ఉన్న కాస్తా నీళ్లలో కరిగితే తప్ప వేరుకు అందదు. నేల ఎండిపోయిన నెలల్లో, పక్కనే ఉన్న పోషకం కూడా మొక్కకు లేనట్టే. అలాంటప్పుడు తన ఆకులో ఉన్నదే దానికి నమ్మకమైన నిల్వ.

ఉత్తర అమెరికాలోని సోనోరన్, చివావాన్ ఎడారుల్లో ఒకోటియో అనే పొద ఉంది. చూడటానికి నిలువెత్తు ముళ్ల కర్రల మోపులా ఉంటుంది. వాన పడితే కొద్ది రోజుల్లోనే ఒళ్లంతా చిగురిస్తుంది, నేల ఆరగానే ఆకు రాల్చేస్తుంది. ఒక్క ఏడాదిలోనే ఇలా ఎన్నోసార్లు! ప్రతిసారీ ఆకుల్లోని నత్రజనిని అలాగే వదిలేస్తే, మళ్లీ చిగురించడానికి దాని దగ్గర ఏం మిగులుతుంది? అదే ఎడారుల్లోని క్రియోసోట్ పొద దారి వేరు. అది కరువులోనూ ఆకుల్ని చాలావరకు నిలుపుకుంటుంది.

మొక్క ఎంత తీసుకుందో తేల్చడమెలా? 1996లో కీత్ కిల్లింగ్‌బెక్ అనే శాస్త్రవేత్త ప్రశ్ననే తిరగేశారు. ఎంత శాతం వెనక్కి వెళ్లిందని కాక, రాలిన ఆకులో ఎంత మిగిలిందో చూడమన్నారు. ఎండిన ఆకు బరువులో నత్రజని 0.7 శాతం కన్నా తక్కువుంటే, మొక్క దాన్ని దాదాపు పూర్తిగా రాబట్టుకున్నట్టే లెక్క. ఈ కొలత నాకెంతో నచ్చింది, ఎందుకంటే మొక్క ఏం పోగొట్టుకుందో అది సూటిగా చెబుతుంది. గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లోని బాక్టీరియా సాయంతో సంపాదించుకునే జాతులు, ఆ కొలత ప్రకారం, ఆకుల్లో ఎక్కువే వదిలేస్తాయి.

అన్నిసార్లూ పని పూర్తికాదు. ఈ సర్దుబాటుకు బతికున్న కణాలు కావాలి, రోజుల వ్యవధి కావాలి. వేడిగాలికో మంచుకో ఆకు ఉన్నట్టుండి మాడిపోతే, లోపలి సరుకు లోపలే చిక్కుకుపోతుంది.

అలా మిగిలిపోయింది కూడా దూరం పోదు. రాలిన ఆకు పొద మొదట్లోనే పోగవుతుంది. ఎండ దాన్ని చివికిపోయేలా చేస్తుంది, చెదలు కొరుకుతాయి. చుట్టూ బీడుగా ఉన్నా పొద కింది మట్టి మాత్రం సారం పట్టి ఉంటుంది. తర్వాతి వాన పడిన రోజున, అందులో కరిగినదాన్ని ఆ పొద వేళ్లే ముందుగా అందుకుంటాయి.