ఉతికిన బట్టల మూట

శ్రోతలకు నమస్కారం. ఈసారి కొత్త సంవత్సరం రోజున మేం హైదరాబాద్‌లో లేం. ముందురోజే అమ్మతో సహా ఆరుగురం కారులో సర్దుకుని నార్కట్‌పల్లి, అద్దంకి మీదుగా ఒంగోలు చేరాం. తెల్లారేలోపు ప్రార్థన కొండ ఎక్కాలని మా ఆరాటం.

1854 జనవరి 1న, పొద్దు పొడవకముందే ఐదుగురు ఆ కొండ ఎక్కారు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జూవెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగువాళ్లు. తెలుగు బాప్టిస్టు మిషన్‌ను ఇక మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగిన రోజులవి. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ఆ ఐదుగురూ దేవుణ్ణి అడిగారు. పన్నెండేళ్లు గడిచాక, 1866లో అదే మిషన్‌కు చెందిన క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టారు.

దొరల పేర్లు అందరికీ తెలుసు. పిల్లలకు నేను చెప్పాలనుకున్నది యర్రగుంట్ల పేరయ్య గురించి. తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి. ఊరు తాళ్లకొండపాడు, ఒంగోలుకు పడమట. ఊరూరా తిరిగి తనవాళ్లకు క్రీస్తు సంగతి చెప్పింది ఆయనే. 1867 జనవరిలో క్లౌ అక్కడికి వెళ్లేసరికి చుట్టుపక్కల పల్లెల జనం వచ్చేశారు. నాలుగైదు రోజులకు సరిపడా తిండి, బాప్తిస్మం, అంటే క్రీస్తును నమ్మి నీళ్లలో మునగడం, అయ్యాక కట్టుకోవడానికి ఉతికిన బట్టలు మూట కట్టుకుని మరీ వచ్చారు. 28 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు.

ఆ బట్టల మూట తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. ఒంటి మీది గుడ్డకే కరువున్న మనుషులు ఇంకో జత ఉతికి తెచ్చుకున్నారంటే, గుమ్మం దాటకముందే మనసు గట్టి చేసుకున్నారన్నమాట. తిండికి ఆశపడి మతం మారారనే మాట మా పిల్లలు స్కూల్లో విని వస్తారు. వాళ్లకు ఇంకో సంగతి కూడా చెప్పాను. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. కానీ సాయం అందుతున్నన్నాళ్లు, ఏడాదికి పైగా, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కాలువ పని అయిపోయినా జనం వస్తూనే ఉన్నారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులే.

ఆ గుంపులో మా అమ్మ ముత్తవ్వ ఉందని మా ఇంట్లో చెప్పుకుంటారు. మోకాళ్ల నొప్పులతో కొండ ఎక్కలేక కారులోనే కూర్చున్న అమ్మ, వెల్లంపల్లిలో మాత్రం మనవడి భుజం పట్టుకుని ఏట్లోకి దిగింది.

"నాయనమ్మా, ఆవిడ పేరేంటి?" అన్నాడు వాడు.

"తెలీదు నాన్నా. ఈ నీళ్లే."

గట్టుకొచ్చి సంచి విప్పింది. సికింద్రాబాద్‌లో ఉతికి, మడతపెట్టి తెచ్చుకున్న తెల్లచీర అందులో ఉంది. మాకెవరికీ చెప్పలేదు.